నలభై ఒకటో సీసా

జూన్ 3

ఆవలింత ఫోన్ చేశాడు. ఇప్పుడు పేరున్న గుండె సర్జన్. ఒకప్పుడు నా అనాటమీ క్లాసులో ఆఖరి బెంచీ మీద కూర్చుని నా మొహంలోకే చూస్తూ ఆవలించిన ఘనుడు. ఆ పేరు పెట్టింది నేనే. జుట్టు నెరిసింది గానీ పేరు రాలిపోలేదు.

"మేడమ్, కాలేజీ మ్యూజియంలో గుండెలున్నాయి కదా. మా జూనియర్లకి కవాటం కొలిచే సైజర్లు పట్టుకోవడం అలవాటు చెయ్యాలి. తిన్నగా బతికున్న గుండె మీద మొదలుపెడితే చేతులు వణుకుతున్నాయి. ఏ సీసాలో గుండెకి ఏ సైజు రింగు సరిపోతుందో మీరు కొలిచి రాసిపెడితే, వాళ్ళు సాధన చేసి మీ జవాబుతో సరిచూసుకుంటారు."

"నీకు కొలవడం రాదా?"

"వచ్చు మేడమ్. తీరికే రాదు."

ఒప్పుకున్నాను. రిటైరయ్యాక పదకొండేళ్ళుగా గోడలకి పాఠాలు చెబుతున్నాను, అవి కూడా ఆవలిస్తున్నాయి. ఒక్క షరతు పెట్టాను. "ఇవి ఫార్మలిన్‌లో ఊరిన గుండెలు, బిగుసుకుని చిన్నవవుతాయి, ఈ అంకెలు పట్టుకుని బతికున్న మనిషికి రింగు ఎంచకండి అని గోడ మీద పెద్దక్షరాలతో రాయించు."

నవ్వాడు. "ఆ ముక్క ముప్పై ఏళ్ళ కిందటే మా బుర్రల్లో కుట్టేశారు మేడమ్."

నలభై ఒకటి ఊసు అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

జూన్ 5

మ్యూజియం అలాగే ఉంది. పొడుగాటి హాలు, ఉత్తరం వైపు కిటికీలు, కళ్ళు మండించే ఆ వాసన. అటెండరు కూడా అలాగే ఉన్నాడు, పొట్ట మాత్రం ఒక సైజు పెరిగింది. నడుముకి తాళాల గుత్తి. నన్ను చూడగానే స్టూలు తుడిచాడు.

"ఇంకా రిటైర్ కాలేదా నువ్వు?"

"వచ్చే ఏడాది మేడమ్. మీరు రిటైరయ్యారని చెప్పారు, మళ్ళీ వచ్చారు. నన్నూ అంత తేలిగ్గా వదలరు."

అరవై రెండు గుండెలు. సైజర్ల పెట్టె వచ్చింది. నీలం ప్లాస్టిక్ బిళ్ళలు, ఒక పక్క తిన్నగా, మిగతా అంతా వంపు. ఒక్కోదానికి పొడుగాటి పిడి. ఇరవై నాలుగు మొదలు నలభై దాకా సరిసంఖ్యలు. ఎడమ కర్ణికని తెరిచి పైనుంచి చూడాలి. మైట్రల్ కవాటానికి రెండు రేకులు. ముందు రేకుని కొక్కెంతో మెల్లగా చాపి దాని మీద బిళ్ళ ఆనించాలి. బిళ్ళ మీది రెండు నొక్కులూ రేకు రెండు మూలల మీదా పడాలి, బిళ్ళ రేకుని సరిగ్గా కప్పాలి. కారే కవాటం చుట్టూ కుట్టాల్సిన రింగుకి అప్పుడు అదీ సైజు. పెద్దది కుడితే రేకులు ఒకదాన్నొకటి అందుకోలేవు, రక్తం వెనక్కి కారుతుంది. మరీ చిన్నది కుడితే రేకు ముడుచుకుని రక్తం బయటికి పోయే దారికే అడ్డం పడుతుంది.

ఇవాళ ఏడు కొలిచాను. చెయ్యి వణకలేదు. మోకాలు మాత్రం తన అభిప్రాయం చెబుతూనే ఉంది.

జూన్ 8

నలభై ఒకటి మా అమ్మాయి గుండె. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

జూన్ 9

దేహదానం కాగితాల మీద అదీ నేనూ ఒకే రోజు సంతకం పెట్టాం. ముందు నేను పోతానన్న ధీమాతో పెట్టాను. కాలేజీవాళ్ళు గుండెని మ్యూజియంలో ఉంచుకోవచ్చా అని అడిగితే ఊఁ అన్నదీ నేనే. రింగు కుట్టిన గుండె వాళ్ళ దగ్గర లేదు, పిల్లలకి పనికొస్తుంది. రిటైరైనా ఆ క్షణానికి నేను ఇంకా టీచర్నే. తల్లినయ్యేసరికి సీసా మూత పడిపోయింది.

పోయిన ఏడు ఏప్రిల్‌లో ఆపరేషన్. చేసింది ఆవలింత. మూడో రోజున పోయింది. "కవాటం బాగుంది మేడమ్. చుక్క కారలేదు. కండరమే ఓపిక పట్టలేదు. కాస్త ముందు చేసుంటే..." అని ఆగిపోయాడు. సర్జన్లందరూ అదే అంటారు. వాళ్ళ చేతిపని ఎప్పుడూ బాగానే ఉంటుంది, మనుషులే సహకరించరు.

డిసెంబరులోనే చేయించుకొమ్మన్నాడు, నిజమే. అమ్మాయే ఒప్పుకోలేదు. కూతురి పరీక్షలయ్యేదాకా కదలనంది. పట్టుదల మనిషి.

జూన్ 11

తొమ్మిది కొలిచాను. అల్లుడు ఫోన్ చేశాడు. ఓడల్లో ఇంజనీరు, ఏడాదికి ఏడు నెలలు నీళ్ళ మీదే. "పిల్ల ఎలా ఉందత్తయ్యా?" అన్నాడు. ఉంది అన్నాను. అతనికి అది చాలు, నాకూ అంతకంటే తెలియదు.

మనవరాలు నకళ్ళు తీసే కొట్లో పనిచేస్తోంది. పోయిన ఏడు పరీక్ష రాసింది. అమ్మ పోయిన ఐదు వారాలకి మార్కుల కవరొచ్చింది. ఇంతవరకూ విప్పలేదు, నా పెద్ద డిక్షనరీ కింద పెట్టింది. తన కవరు విప్పదు గానీ ఊళ్ళోవాళ్ళ సర్టిఫికెట్లన్నీ పొద్దస్తమానం అద్దం మీద బోర్లిస్తుంది.

"ఇవాళ ఎంతమందికి తీశావే?"

"చాలామందికి."

"అందరూ పాసైనవాళ్ళేనా?"

"ఫెయిలైనవాళ్ళు నకళ్ళు తీయించుకోరమ్మమ్మా."

నోరు నాదే. మిగతాదంతా వాళ్ళమ్మ.

జూన్ 14

ఆదివారం. పిల్ల గదిలోంచి రాలేదు. తలుపు కింద నుంచి లైటు వెలుగు కనబడుతోంది. తట్టబోయి మానేశాను. తడితే ఏం చెప్పాలి.

పోయిన ఏడు పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఒకటే ప్రశ్న. ఇంత ఆలస్యం ఎందుకు చేశారు. ఏదో ఒకటి చెప్పాలి కదా. పిల్ల పరీక్షలని ఆగామండీ అన్నాను. పిల్ల వాళ్ళకి మంచినీళ్ళ గ్లాసులు అందిస్తోంది. దానికి వినబడి ఉండదు.

జూన్ 19

నలభై అయింది. నలభై రెండు తీశాను.

"మేడమ్, మధ్యలో ఒకటి వదిలేశారు," అన్నాడు అటెండరు.

"లెక్కపెట్టడం నాకొచ్చు."

సీసాలు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ ఒక్క సీసాని మాత్రం రోజూ తుడుస్తాడు, చూశాను. మిగతావాటికి వారానికోసారి.

జూన్ 24

అరవై ఒకటి అయ్యాయి. ఇక ఒకటే మిగిలింది కాబట్టి తీశాను.

మూత బిగుసుకుంది, అటెండరు తీసిపెట్టి, అడక్కుండానే బయటికి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాడు. గుండె తీసి నీళ్ళలో కడిగాను. చిన్నప్పుడు దీనికి తలంటి పోసేదాన్ని, కళ్ళు గట్టిగా మూసుకుని ఒక్కమాటైనా అనేది కాదు.

రింగు తెల్లగా అలాగే ఉంది. గుడ్డ తొడుగు, చుట్టూ నీలం దారం కుట్లు, ఒక్కటీ వంకర లేదు. చేతిపని బాగానే నేర్చుకున్నాడు. రింగు ముప్పై రెండు. ఆపరేషన్ కాగితాల్లో ఆ అంకె వందసార్లు చదివాను.

ముందు రేకు చాపి ముప్పై రెండు ఆనించాను. పెద్దదైంది. ముప్పై ఆనించాను. అదీ పెద్దదే. ఇరవై ఎనిమిది ఆనించాను. నొక్కులు రెండూ మూలల మీద వచ్చి కూర్చున్నాయి.

మూడుసార్లు కొలిచాను. ఇరవై ఎనిమిది.

రెండు సైజులు ఎక్కువ కుట్టాడు.

జూన్ 25

దొరికాడు.

జూన్ 26

నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను, మెడికల్ కౌన్సిల్‌కి. నా జీవితంలో ఇంత శుభ్రమైన వాక్యాలు రాయలేదు. పిల్ల కొట్లోనే మూడు నకళ్ళు తీసుకొచ్చింది. తీస్తూ చదివింది కాబోలు.

ఒక నకలు ఆవలింత చేతికే ఇచ్చాను. వెనకనుంచి పొడవడం నాకు అలవాటు లేదు. ఆసుపత్రి వరండాలో నిలబడే నాలుగు పేజీలూ చదివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే మేడమ్."

"సరే అంటే?"

"మీరు కొలిచారు కదా. పంపండి."

ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఏం చెబుతాడు.

ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. పిల్ల ఎదురుగా కూర్చుంది.

"ఆ సర్జన్ వల్లనా అమ్మమ్మా?"

"అతని వల్లే. పెద్ద రింగు కుట్టాడు."

పిల్ల చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "అయితే నా పరీక్ష వల్ల కాదా?"

వినబడిందన్నమాట. పద్నాలుగు నెలలుగా.

"కాదు," అన్నాను.

జూన్ 28

కవరు విప్పింది. మంచి మార్కులు. అన్ని మార్కులొచ్చినవాళ్ళు మా రోజుల్లో రెండు వీధులకి వినబడేలా ఏడ్చేవాళ్ళు. ఇది ఊరికే నవ్వింది. స్నానాల గదిలో పాడింది కూడా. శ్రుతి లేదు, వాళ్ళమ్మకీ లేదు. తలుపు బయట నిలబడి విన్నాను.

ఏ కాలేజీలో చేరితే బాగుంటుందని అడిగింది. చివరి తేదీ వచ్చే నెల పదిహేనట. దరఖాస్తు టేబుల్ మీద పరిచి, నా పెన్నే అడిగి తీసుకుంది.

ఫిర్యాదు ఇంకా పోస్టులో వెయ్యలేదు. సోమవారం వేస్తాను.

జూన్ 29

సోమవారం. లేబుళ్ళు పూర్తి చేయడానికి వెళ్ళాను. కొత్త కొలతల రిజిస్టరులో నలభై ఒకటికి ఎదురుగా "28" అని వేశాను. పక్కన నిలబడి సిరాబుడ్డి పట్టుకున్న అటెండరు చూశాడు.

"ఇది ఊరకముందు కొలతా, ఊరిన తర్వాతదా మేడమ్?"

"ఏం?"

"ఏం లేదు. మీరే అనేవారుగా. ఫార్మలిన్‌లో వేశాక కొలిచేవాడు తన బుర్ర కూడా అందులోనే వేసుకోవాలని. ఒక్కొక్కళ్ళని నిలబెట్టి చెప్పించేవారు. నాకు కూడా నోటికొచ్చేసింది."

రిజిస్టరు మూసేశాను. అతను నాలిక కరుచుకున్నాడు.

జూన్ 30

మ్యూజియానికి వెళ్ళలేదు. మోకాలు.

జూలై 1

మోకాలు.

జూలై 2

మోకాలికి ఏమీ కాలేదు.

మాంసం బిగుసుకుంటుంది, రింగు బిగుసుకోదు. రేకు చిన్నదైంది, రింగు ఎంతదో అంతే ఉంది. మొదటి ఏడాది చదివే పిల్లవాడు చెబుతాడు. మిగతా అరవై ఒక్క గుండెల దగ్గరా నాకు గుర్తుంది.

వెళ్ళి మ్యూజియం పాత రిజిస్టరు తిరగేశాను. సీసాలో పెట్టేముందు తాజాగా కొలిచిన కాగితం నలభై ఒకటో పేజీకే పిన్ను గుచ్చి ఉంది. పద్నాలుగు నెలలుగా అక్కడే ఉంది. ముందు రేకు ముప్పై రెండు. రింగు ముప్పై రెండు. నీళ్ళు నింపి చూస్తే చుక్క కారలేదు. ఆ కింద వరుస: ఎడమ జఠరిక బాగా సాగింది, గోడ పలచబడింది.

గుండె గది అంత సాగడానికి మూడు రోజులు చాలవు. నెలలు కావాలి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి.

ఫిర్యాదు ఇంకా సంచిలోనే ఉంది. పోస్టు డబ్బా ముందు నుంచే వచ్చాను. వేస్తే ఏమవుతుంది. కౌన్సిల్‌లో ఎవడో ఒక బుర్రున్నవాడు రెండు నిమిషాల్లో కొట్టిపారేస్తాడు. ఆవలింతకి ఏమీ కాదు. కానీ ఆ జవాబు రావడానికి ఏడాది పడుతుంది, ఈలోగా పిల్ల కాలేజీలో చేరిపోతుంది. పాడుకుంటుంది.

ఈ పని తప్పని రాయబోయి, ఎందుకు తప్పో తోచక ఆగాను.

జూలై 3

తోచింది. తోచడం కాదు, తెలుసు.

డిసెంబరులో అమ్మాయి రిపోర్టు తెచ్చి నా ముందు పెట్టింది. "అమ్మా, వచ్చే వారమే చేసేద్దామంటున్నాడు. నువ్వోసారి చూడవే." కళ్ళజోడు పెట్టుకుని చదివాను. "మూడు వందల గుండెలు చేత్తో పట్టుకున్నదాన్ని. ఇది ఏప్రిల్ దాకా ఆగుతుంది. పిల్ల పరీక్షలు అయిపోనీ," అన్నాను. పరీక్షల మాట నాది. అమ్మాయి అనలేదు.

"మెట్లెక్కుతుంటే ఆయాసంగా ఉందే," అంది.

"నాకూ ఉంది," అన్నాను.

భయపడ్డాను. నా దగ్గరికి వచ్చేవన్నీ ఆపరేషన్లు దాటని గుండెలు. నయమైనవాటిని ఎవరూ సీసాల్లో పెట్టి నాకు పంపరు, అవి ఇళ్ళకి వెళ్ళిపోతాయి. నలభై ఏళ్ళు ఒక గదిలో ఓడిపోయినవాటినే చూసి, అదే లోకమనుకున్నాను. అందుకని ఆగమన్నాను. తనకి నేనంటే నమ్మకం. ఆగింది.

ఇన్ని పేజీల్లో ఒక్కసారి కూడా ఇలా రాయలేదు. వెనక్కి తిప్పి చూశాను. "అమ్మాయే ఒప్పుకోలేదు" అని ఉంది. "ఆగామండీ" అని ఉంది. డైరీకి కూడా అబద్ధం చెప్పేవాళ్ళకి డైరీ దేనికో.

జూలై 4

ఆవలింత దగ్గరికి వెళ్ళాను. ఓపీ అయ్యేదాకా రోగులతో పాటు బెంచీ మీద కూర్చున్నాను. ఆఖరి బెంచీ దొరికింది.

"ఇరవై ఎనిమిది అని చదవగానే నీకు తెలుసు."

"తెలుసు మేడమ్."

"మరి ఎందుకు చెప్పలేదు?"

కాసేపు స్టెతస్కోపు చుట్టబెట్టాడు. "మీకు ఎవరో ఒకరు కావాలి కదా మేడమ్. నేనున్నాను. తట్టుకోగలను."

"డిసెంబరులో వద్దన్నది ఎవరో కూడా నీకు తెలుసా?"

"డేట్ ఇచ్చాక మీ అమ్మాయి ఫోన్ చేసింది. అమ్మ చూసింది, ఆగొచ్చంది అని. ఆగకూడదని మీకే ఫోన్ చెయ్యాలనుకున్నాను. చెయ్యలేకపోయాను. మీకు పాఠం చెప్పడానికి నోరు రాలేదు."

నా నోటికి అంత పేరుంది. పరీక్షల్లో తప్పు చెబితే వీపు చిట్లేలా తిట్టేదాన్ని. ఆ భయం ముప్పై ఏళ్ళు నిలవ ఉండి, సరిగ్గా ఆ డిసెంబరులో పనిచేసింది.

నాలుగు పేజీలూ అతని ముందే చింపాను. అతను తన జేబులోది తీసి ఇచ్చాడు, అదీ చింపాను. క్షమించమని అడగాలనుకున్నాను. "ఇంకా ఆవలిస్తున్నావా?" అన్నాను.

"ఆపరేషన్లలో ఆవలించను మేడమ్."

జూలై 5

ఆదివారం. పొద్దున పిల్ల దరఖాస్తు నింపుతోంది. తల్లి పేరు రాసే చోట ఆగి, రాసింది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"సర్జన్ తప్పు లేదే. నేనే తప్పు కొలిచాను."

తలెత్తింది. మొహం వెంటనే మునుపటిలా అయిపోయింది. ఆ మార్పు నేను చూడాల్సిందే, చూశాను.

"అయితే నా..."

"నీ పరీక్షా కాదు. మీ అమ్మ నీ పరీక్షల కోసం ఆగలేదు. వెంటనే చేయించుకుందామనే వచ్చింది. నేను ఆగమన్నాను. నాకు తెలుసనుకున్నాను, తెలియలేదు. వచ్చినవాళ్ళకి నీ పరీక్షలని చెప్పాను. అబద్ధం."

పెన్ను మూత పెట్టింది. తీసింది. పెట్టింది.

"ముప్పై ఆరు మంది," అంది.

"ఏమిటి?"

"ముప్పై ఆరు మందికి చెప్పావు అమ్మమ్మా. గ్లాసులు నేనే కడిగాను."

లేచి గదిలోకి వెళ్ళింది. తలుపు గట్టిగా కూడా వెయ్యలేదు. గట్టిగా వేసుంటే బాగుండేది.

జూలై 6

దరఖాస్తు టేబుల్ మీదే ఉంది. నా పెన్ను దాని మీద.

జూలై 7

అదే.

జూలై 9

కొట్టుకి వెళ్ళింది, వచ్చింది. "అన్నం పెట్టనా?" అన్నాను. "పెట్టుకుంటాను." ఇద్దరం వేరే వేరే వేళల్లో తింటున్నాం. అల్లుడు ఫోన్ చేస్తే చెప్పాను, మొత్తం. అటువైపు చాలాసేపు సముద్రం చప్పుడు. "సరే అత్తయ్యా" అని పెట్టేశాడు. ఈ "సరే" నాకు వరసగా రెండోది. తిట్టేవాళ్ళు ఒక్కరూ లేకుండా పోయారు, ఆ పని కూడా నేనే చేసుకోవాలి.

జూలై 12

దరఖాస్తు టేబుల్ మీద లేదు. చింపిందో, పంపిందో. అడగలేదు.

జూలై 13

సోమవారం పొద్దున చెప్పులేసుకుంటుంటే గుమ్మంలో నిలబడింది. "మ్యూజియానికా?"

"ఆఖరి లేబులొకటి ఉంది."

"నేనూ వస్తాను."

అటెండరు దాన్ని చూసి ఇంకో స్టూలు తుడిచాడు. ఈసారి బయటికి వెళ్ళలేదు, కిటికీ దగ్గర నిలబడ్డాడు. సీసా నేనే తెరిచాను. పిల్ల భయపడుతుందనుకున్నాను. దగ్గరికొచ్చి చూసింది.

రింగు చూపించాను. కుట్లు చూపించాను. ఇరవై ఎనిమిది బిళ్ళ దాని చేతికిచ్చి, వేలు పట్టుకుని ఆనించాను. నొక్కులు మూలల మీద కూర్చున్నాయి.

"ఇంతేనా అమ్మది?"

"కాదు. ఊరి చిన్నదైంది. బతికున్నప్పుడు ఇంతకంటే పెద్దది. ముప్పై రెండు."

పెట్టెలోంచి ముప్పై రెండో బిళ్ళ తనే వెతికి తీసుకుంది. అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తిరిగి దాని గుంటలో దాన్ని పెట్టేసింది.

లేబులు రాశాను. "రింగు సరైన సైజే. శస్త్రచికిత్స ఆలస్యమైంది." ఎవరి వల్లో రాయడానికి లేబుల్లో చోటు ఉండదు. రిజిస్టరులో ఉంటుంది. అక్కడ రాశాను. పిల్ల పక్కనే నిలబడి చదివింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. నా సంచి మధ్యలో ఉంటే తీసి ఒళ్ళో పెట్టుకుంది. నాలుగు స్టాపులు దాటాయి. కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది.

"నాది ఎంత ఉంటుంది?"

నోటిదాకా ఒక అంకె వచ్చింది. దాని ఎత్తు, భుజాల వెడల్పు, మణికట్టు చూసి నలభై ఏళ్ళుగా ఇట్టే చెప్పేసేదాన్ని.

"నాకు తెలీదే," అన్నాను. "బతికున్నవాళ్ళది కొలవడం నాకు రాదు."